రిషి వ్యాలీ పాఠశాల

రిషి వ్యాలీ పాఠశాల ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని రాయలసీమలో, మదనపల్లె పట్టణానికి సమీపాన, కురబలకోట మండలంలోని తెట్టు గ్రామం వద్ద గల ఒక స్వతంత్ర ఆశ్రమ పాఠశాల (వసతితో కూడిన పాఠశాల). తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల నుండి ఈ పాఠశాల పుట్టింది. కృష్ణమూర్తి ఫౌండేషన్ ఇండియా అనే సంస్థ దీనిని నిర్వహిస్తున్నది. పిల్లవానిని భయపెట్టకుండా, మరొకనితో పోల్చకుండా చదువు చెప్పడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఆచరణలో సమాధానం వెదకడానికి జరిగిన దీర్ఘకాల ప్రయత్నాలలో ఇది ఒకటి. ఈ పాఠశాలకు అనుబంధంగా ఏర్పడిన గ్రామీణ విద్యా కేంద్రం రూపొందించిన బోధనా పద్ధతి కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల వరకు ప్రయాణించింది.

భౌగోళిక స్వరూపం

పాఠశాల ఉన్న లోయకు చుట్టూ గ్రానైటు బండరాళ్ళతో నిండిన పురాతనమైన కొండలు ఉన్నాయి. వీటిలో ఒకటి ఋషికొండ. పూర్వం ఇక్కడ ఋషులు తపస్సు చేసుకునేవారని స్థానికుల నమ్మకం. లోయకు పేరు ఈ కొండను బట్టే వచ్చింది. హార్సిలీ హిల్స్ వేసవి విడిది ఇక్కడికి దగ్గరలోనే ఉన్నది. వర్షాలు తక్కువగా, అదనుతప్పి కురిసే కరువు ప్రాంతమిది. వేరుశనగ మీద, చెరువుల మీద ఆధారపడిన పల్లెలు చుట్టూ ఉన్నాయి. మదనపల్లె ప్రాంతం 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు కడప జిల్లాలో ఉండేది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో అన్నమయ్య జిల్లాలో చేరింది.

పూర్వరంగం

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానం కావడం వలన బాలునికి కృష్ణమూర్తి అని పేరు పెట్టారు. చిన్నతనంలో తరచు మలేరియా జ్వరంతో బాధపడిన ఈ బాలుడు బడిలో చురుకైనవాడు కాడు. పాఠం వినకుండా కిటికీలోంచి ఆకాశం వైపు, చెట్ల వైపు చూస్తూ కూర్చునేవాడని, మందమతిగా భావించి ఉపాధ్యాయులు కొట్టేవారని ఆయన జీవిత చరిత్రకారులు వ్రాశారు. తరువాతి కాలంలో ఆయన విద్య గురించి చెప్పిన మాటలను చదివేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోదగినది.

ఉద్యోగ విరమణానంతరం నారాయణయ్య 1909లో పిల్లలతో మద్రాసులోని అడయారుకు చేరాడు. అక్కడ దివ్యజ్ఞాన సమాజ నాయకులు కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువుగా భావించి పెంచారు. ఆయన కోసం 1911లో ఒక సంఘాన్ని కూడా స్థాపించారు. 1929 ఆగస్టు 3న హాలెండు దేశంలోని ఓమెన్‌లో, వేలమంది అనుయాయుల సమక్షంలో, కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యాన్ని చేరడానికి ఎవరో వేసిన దారి లేదనీ, గురువులు, సంస్థలు మనిషిని స్వేచ్ఛాపరుని చేయలేవనీ ప్రకటించాడు. గురుత్వాన్ని వదలుకున్న మనిషి పాఠశాలలను మాత్రం జీవితాంతం వదలుకోలేదు.

ఇదే కాలంలో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్ జాతీయ విద్య కోసం కృషి చేసింది. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను, 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను (నేటి బి.టి. కళాశాల) స్థాపించింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె కళాశాలలో బస చేసి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ సమయంలో ప్రిన్సిపాలుగా ఉన్న జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి సమకూర్చింది. మదనపల్లె వంటి చిన్న పట్టణంలో విద్యను గురించి కొత్త ఆలోచనలు అప్పటికే వ్యాపించి ఉన్నాయని దీనివలన తెలుస్తున్నది.

స్థాపన

1920ల మధ్యకాలంలో కృష్ణమూర్తి తాను పుట్టిన ప్రాంతంలో ఒక విద్యాకేంద్రం ఉండాలని భావించి స్థలం కొరకు అన్వేషించాడు. తెట్టు సమీపంలోని లోయ, అక్కడి పెద్ద మర్రిచెట్టు ఆయనను ఆకర్షించాయి. చిన్న చిన్న కమతాలుగా చెదిరి ఉన్న భూమిని పలువురు రైతుల వద్ద కొద్దికొద్దిగా సేకరించవలసి వచ్చింది. 1928లో రిషి వ్యాలీ ట్రస్టు ఏర్పడింది. ఈ ట్రస్టు పేరు 1953లో ఫౌండేషన్ ఫర్ న్యూ ఎడ్యుకేషన్‌గాను, 1970లో కృష్ణమూర్తి ఫౌండేషన్ ఇండియాగాను మారింది.

పాఠశాల మూలాలు మద్రాసులోని గిండీలో ఉన్నాయి. అక్కడ 1918లో మొదలైన జాతీయ పాఠశాల 1930ల ఆరంభంలో ఈ లోయకు తరలివచ్చింది. అందుచేత ఈ సంస్థ ఆరంభ సంవత్సరాన్ని ఒక్కొక్కరు ఒక్కో విధంగా లెక్కిస్తారు. తొలినాళ్ళలో జి.వి. సుబ్బారావు ప్రధానాచార్యునిగా పాఠశాలను నడిపాడు. మంచినీటి కొరత, రాతినేల, పట్టణానికి దూరం అన్న మూడు ఇబ్బందుల మధ్య పాఠశాల నిలదొక్కుకున్నది.

వికాసం

1950లలో ఎఫ్. గోర్డన్ పియర్స్ ప్రధానాచార్యునిగా ఉన్నాడు. ఈయన అంతకు పూర్వం గ్వాలియరులోని సింధియా పాఠశాలలో పనిచేశాడు. విద్యార్థులు సాయంకాలం నిశ్శబ్దంగా కూర్చుని సూర్యాస్తమయాన్ని చూసే అస్తాచల్ అనే సంప్రదాయం ఆ పాఠశాలలోను, రిషి వ్యాలీలోను కనిపిస్తుంది. పియర్స్ తరువాత ఎస్. బాలసుందరం, ఆపైన జి. నారాయణ్ పాఠశాలను నడిపారు. అనంతర కాలంలో సంస్కృత పండితురాలు, రచయిత్రి పుపుల్ జయకర్ కుమార్తె అయిన రాధికా హెర్జ్‌బెర్గర్ సుదీర్ఘకాలం సంస్థకు మార్గదర్శకత్వం వహించింది.

కృష్ణమూర్తి భారతదేశంలో ఉన్న శీతకాలాలలో ఇక్కడికి వచ్చి విద్యార్థులతోను, ఉపాధ్యాయులతోను సంభాషించేవాడు. 1985 చివరలో ఆయన కడసారిగా రిషి వ్యాలీకి వచ్చాడు. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఒహాయిలో మరణించాడు.

తాత్విక పునాది

కృష్ణమూర్తి విద్యాభావనలు ప్రధానంగా 1953లో వెలువడిన "ఎడ్యుకేషన్ అండ్ ద సిగ్నిఫికెన్స్ ఆఫ్ లైఫ్", 1974లో వెలువడిన "కృష్ణమూర్తి ఆన్ ఎడ్యుకేషన్" అనే గ్రంథాలలోను, 1978 నుండి పాఠశాలలకు ఆయన వ్రాసిన లేఖలలోను కనిపిస్తాయి. రెండవ గ్రంథంలో రిషి వ్యాలీ, రాజఘాట్ పాఠశాలల విద్యార్థులతో, ఉపాధ్యాయులతో జరిపిన సంభాషణలు ఉన్నాయి. ఆయన విద్యాదృక్పథాన్ని ఈ క్రింది అంశాలుగా సంగ్రహించవచ్చును.

భయం: భయపడిన మనసు నేర్చుకోలేదు, అనుకరించగలదు మాత్రమే. దెబ్బకు భయపడి ఎక్కాలు అప్పజెప్పిన పిల్లవానికి ఎక్కాలు వచ్చి ఉండవచ్చును. కాని వాటితోపాటు భయం కూడా అలవాటవుతుంది. అందుచేత శిక్ష మాత్రమే కాదు, బహుమతి కూడా ప్రశ్నించదగినదే. శిక్ష భయంతో, బహుమతి ఆశతో పనిచేయిస్తాయి. రెండింటిలోను విషయం మీద ఆసక్తి వెనుకబడుతుంది.

పోలిక: "మీ అన్నను చూచి నేర్చుకో" అని తల్లిదండ్రులు సదుద్దేశంతోనే అంటారు. కాని పోల్చిన క్షణంలో ఎదుట ఉన్న పిల్లవాడు కనుమరుగై, పోల్చబడిన నమూనా మాత్రమే మిగులుతుందని కృష్ణమూర్తి భావన. తరగతిలో ర్యాంకుల పద్ధతిని ఆయన వ్యతిరేకించడానికి కారణం ఇదే.

అధికారం: గురువు తెలిసినవాడు, శిష్యుడు తెలియనివాడు అన్న భేదం గణితం, భూగోళం వంటి విషయాలలో సహజమే. జీవితం విషయంలో మాత్రం ఇద్దరూ నేర్చుకొనేవారే. కోపం, అసూయ, ఒంటరితనం ఉపాధ్యాయునికీ ఉంటాయి. కనుక ఉపాధ్యాయుడు తనను తాను గమనించుకోకుండా పిల్లలను తీర్చిదిద్దలేడు.

శ్రద్ధ: బలవంతంగా మనసును ఒకచోట నిలపడం ఏకాగ్రత. ఆసక్తితో పూర్తిగా వినడం, చూడటం శ్రద్ధ. కృష్ణమూర్తి రెండవదానికి ప్రాధాన్యమిచ్చాడు. కిటికీలోంచి పక్షిని చూస్తున్న పిల్లవానిని గద్దించకుండా, ముందు ఆ పక్షిని పూర్తిగా చూడనివ్వాలి, ఆ తరువాత పుస్తకం తెరవవచ్చునన్నది ఈ దృక్పథం.

ప్రకృతితో సంబంధం: చెట్టును, కొండను, తోటి ప్రాణిని గమనించలేని చదువు మనిషిని గడుసువానిగా చేస్తుందే గాని సున్నితమైనవానిగా చేయదు.

ఇక్కడ స్వేచ్ఛ అంటే ఇష్టం వచ్చినట్లు ప్రవర్తించడం కాదు. వేళకు రావడం, పరిసరాలను శుభ్రంగా ఉంచడం, ఇతరుల పట్ల మర్యాద వంటివి ఉంటాయి. కాని అవి భయం వలన కాక అవగాహన వలన రావాలన్నది ఆశయం. ఈ ఆశయం ఎంతవరకు నెరవేరుతుందన్నది ప్రతి తరంలోను కొత్తగా తేలవలసిన విషయమే.

విద్యావిధానం

పాఠశాలలో నాలుగవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు బాలబాలికలు కలసి చదువుకుంటారు. పిల్లలు చిన్న చిన్న వసతి గృహాలలో, వారి బాగోగులు చూసే ఉపాధ్యాయుల సంరక్షణలో ఉంటారు. భోజనం శాకాహారం. ఉదయం సమావేశంలో శ్లోకాలు, పాటలు పాడతారు. ఆటలు, జానపద నృత్యాలు, సంగీతం, చిత్రలేఖనం, కుండల తయారీ, వడ్రంగం వంటివి చదువులో భాగంగానే పరిగణింపబడతాయి. చిన్న తరగతులలో లాంఛనప్రాయమైన పరీక్షలు, ర్యాంకులు ఉండవు. ఉపాధ్యాయులు ప్రతి విద్యార్థి ప్రగతిని వివరంగా వ్రాసి తల్లిదండ్రులకు తెలియజేస్తారు.

పై తరగతుల విద్యార్థులు ఐ.సి.ఎస్.ఇ., ఐ.ఎస్.సి. పరీక్షలు వ్రాస్తారు. పోటీని అంగీకరించని పాఠశాల దేశవ్యాప్త పరీక్షలకు పిల్లలను సిద్ధం చేయడం ఒక వైరుధ్యమే. దీనిని సంస్థ దాచిపెట్టలేదు. పరీక్ష జీవనోపాధికి కావలసిన ఒక ద్వారం మాత్రమేననీ, దానిని గమ్యంగా చూపకుండా దాటించడమే ఉపాధ్యాయుని పని అనీ ఈ విద్యావిధానాన్ని సమర్థించేవారు చెబుతారు.

గ్రామీణ విద్యా కేంద్రం

రుసుము చెల్లించగల కుటుంబాల పిల్లలు లోయలో చదువుతుండగా, గోడకు అవతలి పల్లెల పిల్లల మాట ఏమిటన్న ప్రశ్న పాఠశాలకు తప్పలేదు. 1980లలో గ్రామీణ విద్యా కార్యక్రమం విస్తరించింది. 1987 ప్రాంతంలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు ఈ పనిలో చేరారు. చుట్టుపక్కల పల్లెలలో చిన్న ఉపగ్రహ పాఠశాలలు ఏర్పడ్డాయి. ఒక్కొక్క పాఠశాలకు ఒక గది, చుట్టూ చెట్లు, స్థానికుడైన ఒక ఉపాధ్యాయుడు ఉండేవారు. బోధన తెలుగులో జరిగింది. ఈ విభాగమే తరువాత రిషి వ్యాలీ విద్యా వనరుల సంస్థ (రివర్) అని ప్రసిద్ధి చెందింది.

పల్లె బడిలో ఎదురయ్యే చిక్కు అందరికీ తెలిసినదే. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకే గదిలో అయిదు తరగతుల పిల్లలు ఉంటారు. మూడవ తరగతికి లెక్క చెబుతుంటే మిగిలిన నలుగురు తరగతులవారు ఖాళీగా కూర్చుంటారు. వేరుశనగ కోతల కాలంలోనో, తల్లిదండ్రులు వలస వెళ్ళినప్పుడో పదిహేను రోజులు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి పాఠం ముందుకు సాగిపోయి ఉంటుంది. అర్థం కాక, అవమానపడి, క్రమంగా బడి మానేస్తాడు. తప్పు పిల్లవానిది కాదు, అందరూ ఒకే రోజున ఒకే పుట మీద ఉండాలన్న ఏర్పాటుది.

అభ్యసన నిచ్చెన పనిచేసే తీరు

పై సమస్యకు రివర్ సంస్థ సూచించిన పరిష్కారాన్ని బహుళ తరగతి, బహుళ స్థాయి బోధన అంటారు. దీని ప్రధానాంగాలు ఇవి.

పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టుకు కొన్ని అట్టలు (కార్డులు) తయారు చేస్తారు. కొన్ని విషయాన్ని పరిచయం చేసేవి, కొన్ని సాధన చేయించేవి, కొన్ని నేర్చినది పరీక్షించుకొనేవి, కొన్ని వెనుకబడినవారికి తిరిగి చెప్పేవి, కొన్ని ముందున్నవారికి అదనపు పని ఇచ్చేవి.

ఈ అట్టల వరుసను చూపే పెద్ద పటమే అభ్యసన నిచ్చెన. అట్టల మీద, నిచ్చెన మీద బొమ్మ గుర్తులు ఉంటాయి. చదవడం ఇంకా రాని పిల్లవాడు కూడా గుర్తును చూచి తనకు కావలసిన అట్టను తానే తీసుకోగలడు.

పిల్లలు తరగతిని బట్టి కాక, చేస్తున్న పనిని బట్టి గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు ఉపాధ్యాయుడు పూర్తిగా తోడుంటాడు. మరొక గుంపుకు కొంత తోడ్పడతాడు. ఇంకొక గుంపులో పిల్లలు ఒకరికొకరు నేర్పుకుంటారు. మరికొందరు తమంతట తాము పనిచేసుకుంటారు.

బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు తాను ఆగిన మెట్టు నుండే మొదలుపెడతాడు. ఎవరూ తప్పినట్టు కాదు.

పరీక్ష ప్రత్యేకమైన రోజున కాక, ప్రతి మెట్టు చివర పనిలో భాగంగానే జరుగుతుంది.

ఈ సామగ్రిని అంతా ఒక పెట్టెలో అమర్చి ఎక్కడికైనా తీసుకొనిపోయేలా చేయడం వలన దీనికి "పెట్టెలో బడి" అన్న పేరు వచ్చింది. స్థానిక కథలు, పాటలు, పొడుపుకథలు, తోలుబొమ్మలు, తూకాలు కొలతలతో నడిపే సంతలు ఇందులో చోటు చేసుకున్నాయి. పిల్లలతో నడిపే ఈ సంతలకు తల్లులు కూడా వచ్చి పాల్గొనేవారు.

కృష్ణమూర్తి చెప్పిన తత్వానికి, ఈ అట్టలకు సంబంధం ఏమిటని సందేహం కలుగవచ్చును. భయపెట్టవద్దు, పోల్చవద్దు అన్న మాట ఉపదేశంగా ఉన్నంతకాలం అది మంచి ఉపాధ్యాయుని స్వభావం మీదనే ఆధారపడుతుంది. నిచ్చెన పద్ధతిలో ఆ రెండు సూత్రాలూ గది అమరికలోకే వచ్చి చేరాయి. ఎవరి మెట్టు వారిదైనప్పుడు పోల్చడానికి అవకాశం తక్కువ. పోల్చనప్పుడు భయమూ తగ్గుతుంది.

ఇతర రాష్ట్రాలకు విస్తరణ

1995లో కర్ణాటకలోని మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా ఉపాధ్యాయులు రిషి వ్యాలీ పద్ధతిని పరిశీలించి, యునిసెఫ్ సహాయంతో "నలి కలి" అనే కార్యక్రమాన్ని ఆరంభించారు. ఇందులో కన్నడ అక్షరాలను వర్ణమాల వరుసలో కాక ర, గ, స, ద, అ అన్న సులభమైన అక్షరాలతో మొదలుపెడతారు. వీటితో వెంటనే చిన్న మాటలు కూర్చవచ్చును. కాలక్రమంలో ఈ కార్యక్రమం రాష్ట్రమంతటా ప్రభుత్వ పాఠశాలల చిన్న తరగతులకు వ్యాపించింది.

తమిళనాడులో 2003లో చెన్నై నగరపాలక సంస్థ పాఠశాలలలో ఇదే మూలం నుండి కృత్యాధార బోధన మొదలై, 2007-08 నాటికి రాష్ట్రవ్యాప్తంగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో అమలు జరిగింది. విస్తరణ వేగంగా జరిగినచోట ఇబ్బందులు కూడా వచ్చాయి. అట్టలు పూర్తి చేయించడమే పనిగా మారితే పాత పద్ధతికి, దీనికి భేదం ఉండదు. శిక్షణ పొందిన, నమ్మకం గల ఉపాధ్యాయుడు లేనిదే పెట్టె ఒక పెట్టె మాత్రమే.

ప్రకృతి పరిరక్షణ

పాఠశాల ఏర్పడిన నాటికి లోయ చాలావరకు బోడిగా ఉండేది. దశాబ్దాలుగా చెట్లు నాటడం, కొండవాలులను పశువుల మేత నుండి కాపాడటం, వాననీరు ఇంకేలా కుంటలు, కట్టలు నిర్మించడం వలన పచ్చదనం పెరిగి పక్షులు చేరాయి. 1991లో లోయను పక్షుల సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు. దక్షిణ భారతదేశపు రాతికొండలలో మాత్రమే కనిపించే అరుదైన పసుపు గొంతు పికిలిపిట్ట ఇక్కడ ఉన్నది. పక్షుల అధ్యయనానికి ఒక ప్రత్యేక సంస్థ కూడా ఇక్కడ ఏర్పడింది. పక్షులను గుర్తించడం, వాటి రాకపోకలను నమోదు చేయడం విద్యార్థులకు అలవాటైన పని.

ఇతర ప్రయోగాలతో పోలిక

భారతదేశంలో టాగోర్ 1901లో శాంతినికేతనంలో చెట్ల క్రింద బడిని ప్రారంభించాడు. మహాత్మా గాంధీ 1937లో వార్ధా సమావేశంలో చేతివృత్తి కేంద్రంగా నయీ తాలీమ్‌ను ప్రతిపాదించాడు. ఎ.ఎస్. నీల్ 1921లో ఆరంభించిన, ఇంగ్లండులోని సమ్మర్‌హిల్ పాఠశాలలో నియమాలను పిల్లలు, పెద్దలు సమానమైన ఓటుతో నిర్ణయిస్తారు, తరగతికి రావడం పిల్లల ఇష్టం. టాగోర్ సౌందర్యానికి, గాంధీ శ్రమకు, నీల్ స్వయంపాలనకు ప్రాధాన్యమివ్వగా, కృష్ణమూర్తి మనసులోని భయాన్ని గమనించడానికి ప్రాధాన్యమిచ్చాడు. నాలుగింటిలోను పిల్లవాడు పాఠం కోసం కాక, పాఠం పిల్లవాని కోసం అన్న భావన సమానం.

రాయలసీమలోనే మరొక ప్రయత్నం చెప్పదగినది. పూర్వపు అనంతపురం జిల్లాలో (ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లా) చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో ఏర్పడిన టింబక్టు కలెక్టివ్ సంస్థ రొద్దం, రామగిరి మొదలైన మండలాలలో బంజరు భూముల పునరుద్ధరణ, మహిళా పొదుపు సంఘాలు, సేంద్రియ వ్యవసాయంతోపాటు పల్లె పిల్లల కోసం ప్రత్యామ్నాయ పాఠశాలను కూడా నడిపింది. రిషి వ్యాలీలో బడి చుట్టూ అడవి పెరిగింది. ఇక్కడ అడవిని పెంచే పని నుండి బడి పుట్టింది. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతపు పాఠకులకు ఈ రెండవ ఉదాహరణ దగ్గరగా ఉన్నది. హిందూపురం, రొద్దం ప్రాంతాలకు ఆనుకుని సరిహద్దుకు అవతల ఉన్న కన్నడ బడులలో పిల్లలు నలి కలి పద్ధతిలో చదవడం, తెలుగు నేల మీద పుట్టిన ఒక ఆలోచన పొరుగు భాషలో స్థిరపడటానికి నిదర్శనం.

విమర్శలు

రిషి వ్యాలీ పాఠశాల మీద ప్రధానమైన విమర్శ అది ఖర్చుతో కూడిన ఆంగ్ల మాధ్యమ వసతి పాఠశాల కావడం. పోటీ లేని బాల్యం, పోటీలో ఇప్పటికే ముందున్న కుటుంబాల పిల్లలకే లభిస్తున్నదని విమర్శకులు అంటారు. లోయలో పెరిగిన పిల్లలు బయటి ప్రపంచపు ఒత్తిడిని ఎలా తట్టుకుంటారన్నది రెండవ ప్రశ్న. గురుత్వాన్ని నిరాకరించిన వ్యక్తి మాటలే కాలక్రమంలో ప్రమాణ వాక్యాలుగా మారే ప్రమాదం మూడవది. తాను స్థాపించిన పాఠశాలలలో ఆశించిన మార్పు వచ్చిందా అని కృష్ణమూర్తి కూడా తన ఉపాధ్యాయులను పలుమార్లు నిలదీశాడు.

మొదటి విమర్శకు గ్రామీణ విద్యా కేంద్రం కొంతవరకు సమాధానం. అయితే లోయలోని బడి, పల్లెలోని బడి రెండుగానే ఉన్నాయన్న సంగతి మిగిలి ఉన్నది.

ప్రాముఖ్యత

కృష్ణమూర్తి ఆలోచనలతో కాశీలోని రాజఘాట్ (1934), ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్క్ (1969), చెన్నైలోని ద స్కూల్ (1973), ఒహాయిలోని ఓక్ గ్రోవ్ (1975), బెంగళూరులోని వ్యాలీ స్కూల్ (1978), పూణే సమీపంలోని సహ్యాద్రి (1995) పాఠశాలలు ఏర్పడ్డాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది; పిల్లలను భయం, ఆందోళనల నుండి విముక్తులను చేయాలని పాఠ్యప్రణాళికకు నిర్దేశించింది. కిటికీలోంచి చూస్తూ దెబ్బలు తిన్న ఒక మదనపల్లె బాలుని అనుభవానికి, ఈ చట్టానికి మధ్య దాదాపు వంద సంవత్సరాల దూరం ఉన్నది. చట్టం వచ్చినంత మాత్రాన భయం పోదు. అది ప్రతి ఉదయం తరగతి గది తలుపు తెరిచినప్పుడు ఉపాధ్యాయుడు తేల్చుకోవలసిన విషయం.

ఇవి కూడా చూడండి

జిడ్డు కృష్ణమూర్తి
అనీబిసెంట్
మదనపల్లె
హార్సిలీ హిల్స్
నయీ తాలీమ్
రొద్దం